అమ్మ మోకాళ్లకు వోల్టారెన్ జెల్: పెట్టెలోని కార్డు పారేయకండి

నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ అనే మందు 1% ఉన్న ఈ వోల్టారెన్ జెల్ 2020 నుంచి అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. నాతో ఉంటున్న మా అమ్మ మోకాళ్ల అరుగుదలకు వాడుతున్నాం. ఆవిడకు కడుపులో మంట ఉంది, రోజూ నొప్పి బిళ్లలు మింగించడం నాకు ఇష్టం లేదు. డాక్టరును అడిగాకే మొదలుపెట్టాం.

పెట్టెలో ట్యూబుతో పాటు మందు కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ కార్డు ఒకటి ఉంటుంది. అసలు సంగతి దానిలోనే ఉంది. ఒక్కో మోకాలికి 4 గ్రాములు, అంటే ఆ గీత వెంట నాలుగున్నర అంగుళాల పొడవున పిండాలి. రోజుకు నాలుగు సార్లు రాయాలి. అమ్మ మొదట్లో శనగగింజంత తీసి పామి, "ఇదేం మందే, ఏమీ తెలియడం లేదు" అనేది. అంత కొంచెంతో ఎలా తెలుస్తుంది? గుణం కనిపించడానికి వారం దాకా పట్టవచ్చని పెట్టె మీదే రాసి ఉంది. కొలత ప్రకారం రాయడం మొదలుపెట్టాక, కుర్చీలోంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు మోపడం తగ్గించింది.

నేను ఫార్మసీ చదివాను, అందుకే ఈ జెల్ తయారీ మీద నాకు మక్కువ. డైక్లోఫెనాక్ నీటిలో సులువుగా కరగదు. చర్మం పైపొరేమో కొవ్వుమయం, దాని కింద తేమ ఉన్న కణజాలం. మందు రెండూ దాటాలి. అందుకే నీటి జెల్‌లో సన్నని నూనె బిందువులు కలిపి, ప్రొపిలీన్ గ్లైకాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే ద్రావకాలు చేర్చారు. రాయగానే చల్లగా తగిలేది ఆ ఆల్కహాల్ ఆవిరవుతున్నందుకే. ఒక మోకాలికి రాస్తే రక్తంలో చేరేది, బిళ్ల మింగినప్పటితో పోలిస్తే సుమారు 6 శాతమే.

నూనె, నీరు కలిసినా తేటగా కనిపించే మైక్రో ఎమల్షన్ అనే మరో రకం తయారీ ఉంది, ఈ జెల్ అది కాదు. మైక్రో ఎమల్షన్‌లో బిందువులు సాధారణంగా 100 నానోమీటర్ల లోపే ఉంటాయి, కాంతి సూటిగా దూసుకుపోతుంది. నూనె, సర్ఫాక్టెంట్ (నూనెనూ నీటినీ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం) మిశ్రమంలో నీళ్లు చుక్క చుక్కగా వేస్తుంటే, పాలలా ఉన్నది ఒక్కసారిగా తేటపడే క్షణం ప్రయోగశాలలో చూసి తీరాలి! కరగని మందులను చర్మం దాటించడంలో మైక్రో ఎమల్షన్ సత్తా గొప్పది. కానీ సర్ఫాక్టెంట్ ఎక్కువ కావాలి, పలచబడిన ముసలి చర్మానికి అది మంట పుట్టించవచ్చు. రోజుకు నాలుగు సార్లు రాసే మందుకు ఈ తెల్లని జెల్లే నయమని నా అభిప్రాయం.

రాశాక పది నిమిషాలు బట్ట తగలనివ్వకండి, గంటసేపు కడగకండి. నడుము, తుంటి, భుజం నొప్పులకు దీన్ని కొనవద్దు. 21 రోజులు దాటాక కొనసాగించాలంటే డాక్టరును అడగాలి.