ఫ్లూ, కోవిడ్ టీకాలు: ఒకేసారి రెండూనా, విడివిడిగానా?

అమెరికాలో ఫార్మసీ వెబ్‌సైట్లో ఫ్లూ షాట్‌కి అపాయింట్‌మెంట్ పెట్టుకుంటుంటే మధ్యలో ఒక గడి వస్తుంది, కోవిడ్ టీకా కూడా కలపమంటారా అని. చాలామంది అక్కడే ఆగిపోతారు. కిందటిసారి ఒక్క సూదికే మర్నాడంతా మంచం దిగలేదు, రెండూ కలిపి పొడిపించుకుంటే ఏమవుతుందో అన్న భయం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ టెన్షన్ రెట్టింపు.

చాలామందికి ఒకేసారి వేయించుకోవడమే మేలని నా నమ్మకం. అయితే విడదీసి వేయించుకోవాల్సిన వాళ్లూ ఉన్నారు. ఎవరు ఎటో తేలాలంటే ముందు ఏ సూది ఎంత ఇబ్బంది పెడుతుందో చూడాలి.

ఫ్లూ షాట్ రెండింటిలో తేలికైనది. సూదితో ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చంపిన వైరస్ భాగాలో, ల్యాబ్‌లో తయారుచేసిన ప్రొటీనో ఉంటుంది. దానివల్ల ఫ్లూ వచ్చే అవకాశమే లేదు. అయినా "షాట్ వేయించుకున్న వారానికే ఫ్లూ పట్టుకుంది" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. టీకా పనిచేయడం మొదలవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఎక్కడో అంటుకున్న వైరస్ తన పని తాను చేసుకుపోతుంది. టీకా వల్ల మామూలుగా వచ్చేవి జబ్బ నొప్పి, తలనొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడటం. అవి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నరాలను దెబ్బతీసే గిలాన్ బారే జబ్బు గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: ఫ్లూ టీకాతో అది పెరిగినా, 10 లక్షల డోసులకు ఒకటి రెండు కేసులకు మించదు. ఫ్లూ జబ్బు వచ్చినా అదే ముప్పు ఉంది. గుడ్డు పడనివాళ్లకు ఒకప్పుడు పెట్టిన ప్రత్యేక షరతుల్ని కూడా 2023 సీజన్ నుంచి అమెరికాలో ఎత్తేశారు.

కోవిడ్ షాట్ కొంచెం మొరటుది. ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు (వైరస్ ప్రొటీన్‌ని మన ఒళ్లే తయారుచేసుకునేలా సూచనలిచ్చేవి) పడ్డ రోజు రాత్రికో మర్నాటికో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం రావడం మామూలే. కొందరికి సూది పడ్డ వైపు చంకలో బిళ్ల కడుతుంది. ఆడవాళ్లు అది తగిలి హడలిపోతారు. రోగనిరోధక వ్యవస్థ పనిలో పడితే అక్కడి లింఫ్ గ్రంథి వాస్తుంది, కొన్నాళ్లకు తగ్గిపోతుంది. దగ్గర్లో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఉంటే మాత్రం ఏ చేతికి, ఎప్పుడు టీకా వేయించుకున్నారో అక్కడ తప్పకుండా చెప్పండి. లేకపోతే ఆ వాపును చూసి లేనిపోని పరీక్షలు రాస్తారు. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే.

అసలు భయం గుండె గురించే. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తర్వాత అరుదుగా గుండె కండరం వాచే మయోకార్డైటిస్ వస్తుంది, అదీ ఎక్కువగా కుర్రాళ్లకి. మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2025లో ఈ టీకాల లేబుల్‌పై రాయించిన అంకెల ప్రకారం 12 నుంచి 24 ఏళ్ల మగపిల్లల్లో ఇది 10 లక్షల డోసులకు సుమారు 27 కేసులు. ఆరు నెలల పసివాళ్ల నుంచి 64 ఏళ్ల వారి దాకా అందరినీ కలిపి చూస్తే సుమారు 8. మన ఊళ్లలో "టీకా వేయించుకుని కుర్రాళ్లు కుప్పకూలుతున్నారు" అని తిరిగే వీడియోలు వేరే సంగతి. 18 నుంచి 45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 ఆసుపత్రుల్లో అధ్యయనం చేస్తే కోవిడ్ టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. ఆ మాట 2023లోనే బయటికి వచ్చింది. వీడియోలు తిరిగినంతగా అది తిరగలేదు, అదే నా బాధ.

ఇక రెండూ కలిపితే? దీనికి మంచి లెక్కలే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఫోన్ల ద్వారా జనం నుంచి సేకరించిన సమాచారం 2022లో వెలువడింది. కోవిడ్ బూస్టర్ ఒక్కటే వేయించుకున్నవాళ్ల కంటే, దాంతోపాటు ఫ్లూ షాట్ కూడా వేయించుకున్నవాళ్లు జ్వరం, నీరసం, ఒళ్లు నొప్పుల లాంటివి 8 నుంచి 11 శాతం ఎక్కువగా చెప్పారు. అంటే వందలో అదనంగా పదకొండు మంది అని కాదు. కోవిడ్ షాట్ ఒక్కటే వేయించుకున్న వందమందిలో యాభై మందికి నలతగా ఉందనుకుంటే, రెండూ వేయించుకుంటే యాభై నాలుగో యాభై అయిదో అవుతుందన్నమాట. అవీ ఎక్కువగా తేలికపాటివే.

అది జనం చెప్పుకున్నదాన్ని పోగేసిన లెక్క. 2024లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 335 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రెండు టీకాలూ ఒకేరోజు, రెండో గుంపుకి ఒకటి రెండు వారాల తేడాతో. ఒక మోస్తరు నుంచి తీవ్రం దాకా జ్వరం, చలి, కండరాల నొప్పులు, కీళ్ల నొప్పులు వచ్చినవాళ్లు మొదటి గుంపులో 25.6 శాతం, రెండో గుంపులో 31.3 శాతం. కలిపితే ఇబ్బంది తగ్గుతుందని దీన్నిబట్టి చెప్పలేం. విడదీసినంత మాత్రాన ఒంటికి సుఖమేమీ లేదని మాత్రం చెప్పొచ్చు. విడదీస్తే ఆ నలత రెండు వారాంతాలకు పంచుకున్నట్టవుతుంది, అంతే.

విడదీయడంలో నాకు కనిపించే పెద్ద నష్టం రెండో సూది దక్కకుండా పోవడం. ఈ వారం ఫ్లూ, రెండు వారాలయ్యాక కోవిడ్ అనుకుంటాం. ఈలోగా దసరా, పిల్లల స్కూలు, ఆఫీసులో రిలీజ్, ఎవరికో జలుబు. తీరా చూస్తే థాంక్స్‌గివింగ్ వచ్చేస్తుంది. ఇంటినిండా చుట్టాలు, ఊపిరితిత్తుల జబ్బున్న నాన్నగారికి మాత్రం ఒక్క టీకానే పడి ఉంటుంది.

అయితే విడదీయమనేవాళ్ల వాదనలోనూ బలమున్న మాట ఒకటుంది. కాలం. ఫ్లూ టీకా రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అమెరికాలో ఫ్లూ ఎక్కువగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా విజృంభిస్తుంది. అందుకే సెప్టెంబర్, అక్టోబర్ నెలలు సరైనవి అంటారు. ముఖ్యంగా 65 దాటినవాళ్లు జులై, ఆగస్టుల్లోనే తొందరపడనక్కర్లేదు. కోవిడ్ అలా కాదు, వేసవి చివర్లో ఒకసారి, చలికాలంలో ఇంకోసారి పెరుగుతోంది. కాబట్టి ముప్పు ఎక్కువున్నవాళ్లు కొత్త కోవిడ్ టీకా రాగానే వేయించుకుని, ఫ్లూ షాట్ అక్టోబర్‌కి ఉంచుకుంటే అందులో తప్పులేదు. రెండింటి మధ్య ఇన్ని రోజులుండాలన్న నియమమేమీ లేదు. వచ్చే తేదీని అప్పటికప్పుడే బుక్ చేసుకోండి, అంతే.

కిందటిసారి కోవిడ్ షాట్‌కి జ్వరం బాగా వచ్చి రెండు మూడు రోజులు లేవలేకపోయినవాళ్లు కూడా విడదీసుకోవచ్చు. ఒంటరిగా ఉంటూ, నీరసంతో తూలితే పట్టుకునే మనిషి లేని పెద్దవాళ్లూ అంతే. మళ్లీ ఇబ్బంది వస్తే ఏ టీకా వల్లో తెలుస్తుంది. ఇంతకుముందు టీకాకి ఊపిరాడకపోవడం, ముఖం వాయడం లాంటి తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లకి, మయోకార్డైటిస్ వచ్చినవాళ్లకి ఈ చర్చ వర్తించదు. వాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఏదీ వేయించుకోకూడదు.

ఎంఆర్‌ఎన్‌ఏ బాగా ఇబ్బంది పెడితే నోవావాక్స్ గురించి అడగండి. అది ప్రొటీన్ టీకా, మర్నాటి నలత దాంతో తక్కువని తేలింది. అందరికీ సరిపోకపోవచ్చు, అన్ని షాపుల్లోనూ దొరకదు. ఇండియాలో కోవిషీల్డ్, కోవాక్సిన్ వేయించుకున్నవాళ్లు ఇక్కడ ఫైజరో మోడెర్నానో వేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. వేయించుకోవచ్చు. కోవిషీల్డ్‌తో అరుదుగా వచ్చిన రక్తం గడ్డకట్టే సమస్యకు, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు సంబంధం లేదు.

ఎవరికి దొరుకుతుందన్నదీ చూసుకోవాలి. 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ కొత్త కోవిడ్ టీకాల అనుమతిని 65 దాటినవాళ్లకి, అంతకంటే చిన్నవాళ్లలో షుగర్, ఆస్తమా లాంటి జబ్బులున్నవాళ్లకి పరిమితం చేసింది. అక్టోబర్‌లో సీడీసీ, ఎవరికి వారు డాక్టర్‌తోనో ఫార్మసిస్టుతోనో మాట్లాడి తేల్చుకోమంది. ఫ్లూ టీకాకి అప్పట్లో అలాంటి షరతులు లేవు, ఆరు నెలలు నిండిన అందరికీ ఏటా వేయమనేవారు. 65 దాటితే హై డోస్ లాంటి గట్టి రకం అడిగి మరీ వేయించుకోండి. హై డోస్‌లో మామూలు దానికి నాలుగింతల మందు ఉంటుంది, జబ్బ నొప్పి కాస్త ఎక్కువ. అయినా ఆ వయసులో అదే మేలు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల పద్ధతి వేరు. 2025 శరత్కాలంలో అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఫ్లూ టీకాని 65 దాటినవాళ్లందరికీ ఇస్తూ, కోవిడ్ టీకాని మాత్రం 75 దాటినవాళ్లకి, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకే ఇచ్చింది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అమ్మానాన్నలకి చాలావరకు ఈ పోలికే రాదు. అక్కడ కోవిడ్ టీకా ఇప్పుడు దొరకడమే కష్టం. ఫ్లూ టీకా మాత్రం ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బు కట్టి వేయించుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఫ్లూ వానాకాలంలో ఎక్కువ కాబట్టి మే, జూన్ నెలల్లో, ఆ ఏటి కొత్త రకమేనా అని అడిగి వేయించాలి. వాళ్లు చలికాలంలో ఇక్కడికి వస్తుంటే ఇక్కడి సీజన్ టీకా సంగతి కూడా డాక్టర్‌ని అడగండి. చాలా విజిటర్ ఇన్సూరెన్సులు టీకాలకు డబ్బివ్వవు, ధర ముందే కనుక్కోండి.

వేయించుకునే రోజు భుజం దాకా మడవగలిగే వదులు చొక్కా వేసుకెళ్లండి. బిగుతు చేతులు సగం పైకి లాగితే సూది పడాల్సిన చోటు సరిగా కనిపించదు. మరీ పైన కీలు దగ్గర పడితే భుజం నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. రెండూ కలిపి వేయించుకుంటే చెరో చేతికి అడగండి. ఎడమవైపు తిరిగి పడుకునే అలవాటుంటే ఎక్కువ నొప్పి పెట్టే కోవిడ్ సూదిని కుడి చేతికి వేయించుకోండి. వేశాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోవాలి. జ్వరం వస్తుందేమోనని ముందే పారాసెటమాల్ మింగొద్దు, వచ్చాక వేసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం వేయించుకుంటే శనివారం దుప్పటి కప్పుకుని, వేడి చారన్నం తిని పడుకోవచ్చు.

జ్వరం, నొప్పులు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మొదటి వారంలో ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే, అందులోనూ వయసులో ఉన్న మగపిల్లలకి వస్తే, టీకా నలతేలే అని ఊరుకోకుండా అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, టీకా ఎప్పుడు పడిందో ముందుగా చెప్పండి.