సబ్లైమ్ (1996): షఫుల్ ఆపి వినాల్సిన ఆల్బమ్

స్కా పంక్ (జమైకా స్కా సంగీతం, పంక్ రాక్ కలిపింది) అంటే బాకాలు ఊదుకుంటూ గెంతే పార్టీ మ్యూజిక్ అనే అనుకునేదాన్ని, సబ్లైమ్ వాళ్లు 1996లో బ్యాండ్ పేరుతోనే తెచ్చిన ఈ ఆల్బమ్ వినేదాకా. ఇందులో బాకాలు అక్కడక్కడే. పాటల్ని మోసేది ఎరిక్ విల్సన్ బేస్. ఫోన్ స్పీకర్లో అది సగం కూడా వినపడదు, దయచేసి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

వీళ్లది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్. బ్రాడ్లీ నోవెల్ పాట, గిటార్, ఎరిక్ బేస్, బడ్ గాహ్ డ్రమ్స్, 1988లో మొదలుపెట్టారు. 1992లో మొదటి ఆల్బమ్ సొంత లేబుల్ స్కంక్ రికార్డ్స్ మీదే వేసుకున్నారు. 1995లో లాస్ ఏంజిలెస్ రేడియో స్టేషన్ కేరాక్ ఈ బ్యాండ్ పాత పాట ఒకటి వేయడం మొదలుపెట్టాకే బయట జనానికి తెలిశారు. ఏడేళ్లు పట్టింది!

వీళ్లలో నాకు బాగా నచ్చేది, రెగె, స్కా, పంక్, హిప్‌హాప్ కలిపినా ఎక్కడా అతుకులు కనపడవు. 'సీడ్' పాట ఉరుకుల పరుగుల పంక్‌లోంచి స్కాలోకి దిగి మళ్లీ పరిగెడుతుంది, మీరు గమనించేలోపే మారిపోతుంది. 'శాంటెరియా' బేస్ లైన్ 1994 ఆల్బమ్‌లోని ఒక డబ్ (రెగె నుంచి పుట్టిన, బేస్, ఎకోల మీద నడిచే సంగీతం) ట్రాక్‌లో వాళ్లే వాయించింది, దాని మీద ఇంత మెత్తని పాట కట్టారు. 'డూయిన్ టైమ్' అయితే పాత అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 'సమ్మర్‌టైమ్'ని తీసుకుని హిప్‌హాప్ బీట్ మీద కూర్చోబెట్టింది, 2019లో గాయని లానా డెల్ రే మళ్లీ పాడింది దీన్నే. 1992 లాస్ ఏంజిలెస్ అల్లర్ల మీద ఉన్న పాట వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. మధ్యలో పోలీస్ రేడియో గొంతులు వస్తుంటాయి, టైటిల్లో ఏప్రిల్ 29 అని ఉంటే బ్రాడ్లీ 26 అని పాడేశాడు, ఆ టేక్‌నే అలాగే ఉంచేశారు.

నచ్చనివీ ఉన్నాయి. 17 ట్రాకులు ఎక్కువే, చివర్లో కొంచెం సాగుతుంది. 'రాంగ్ వే' ట్యూన్ ఎంత హుషారుగా ఉన్నా, అది వ్యభిచారంలోకి నెట్టబడ్డ చిన్నపిల్ల కథ, నాకు మనసు చివుక్కుమంటుంది. పిల్లల ముందు పెట్టే ఆల్బమ్ కాదు.

ఇది జులై 30న విడుదలైంది. బ్రాడ్లీ మే 25నే శాన్ ఫ్రాన్సిస్కోలో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు, 28 ఏళ్లకే, పెళ్లయిన వారానికే. కొడుకు జేకబ్‌కి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 'వాట్ ఐ గాట్' బిల్‌బోర్డ్ మోడ్రన్ రాక్ చార్ట్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది, ఆల్బమ్ అమెరికాలోనే 50 లక్షల కాపీలు దాటింది, అతనికి ఏదీ తెలియదు. ఆ మత్తును గొప్పగా చెప్పుకునే అభిమానులను చూస్తే నాకు కోపం వస్తుంది, అదే కదా అతన్ని తీసుకుపోయింది.

2024లో కాలిఫోర్నియాలోని కోచెల్లా సంగీతోత్సవంలో జేకబ్ ఎరిక్, బడ్‌ల మధ్య నిలబడి తండ్రి పాటలు పాడాడు. ఆ వీడియో చూడండి, కానీ ముందు ఆల్బమ్ వినండి, 'శాంటెరియా'కి దూకకుండా 'గార్డెన్ గ్రోవ్' నుంచి వరుసగా. నా రేటింగ్ 5కి 4.5, ఆ సగం 'రాంగ్ వే' వల్లే తగ్గించాను.