కిలోమీటర్లు చూసి మోసపోయాను: కియాంటీ కొండల్లో ఆరు రోజుల సైకిలు యాత్ర

గాజువాకలో సైకిలు తొక్కేవాడు వీపుతో చూడడం నేర్చుకోవాలి. వెనక వస్తున్నది లారీనా, ఆటోనా, కాలేజీ బస్సా అన్నది హారన్‌ను బట్టి పోల్చుకుని పక్కకు తప్పుకోవాలి. ఉక్కు కర్మాగారంలో ముప్పై రెండేళ్లు యంత్రాల మరమ్మతు చూసి పదవీ విరమణ చేశాను. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బండ్లు ఆపే ఆ కాసేపటి కోసం సైకిలును కారు వెనక కట్టుకుని అంత దూరం పోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అలాంటి నాకు మా అమ్మాయి ఒక ప్రకటన పంపింది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, కియాంటీ కొండల ద్రాక్షతోటల మధ్య, వాహనాలు లేని దారుల్లో ఆరు రోజులు. 'వాహనాలు లేని' అన్న రెండు మాటలు చూసే డబ్బు కట్టేశాను. రోజుకు 35 నుంచి 45 కిలోమీటర్లు అని రాసి ఉంది. భీమిలి పోయి వచ్చినంత కూడా లేదే అని నవ్వుకున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. టస్కనీలో ఇలాంటి యాత్రలు నడిపేవాళ్లు చాలామంది, పద్ధతి ఇంచుమించు ఒకటే. గదులు మాట్లాడిపెడతారు, సైకిళ్లు అద్దెకిస్తారు, దారిని ఫోనుకు పంపుతారు, మన పెట్టెలను ఒక ఊరి నుంచి మరో ఊరికి వ్యానులో చేరవేస్తారు. వెంట మనిషి రాడు. విమానం ఖర్చు కాక మనిషికి వెయ్యి యూరోలకు కాస్త పైన పడింది. నాది మామూలు సైకిలు. మా ఆవిడకు మోటారు సాయం ఉన్నది తీసుకున్నాం. ఆమె సైకిలు ఎక్కడం ఉక్కునగరం క్వార్టర్సులో పిల్లల్ని బడికి దించిన రోజుల తర్వాత మళ్లీ ఇదే.

ముందు అసలు సంగతి. వాహనాలు నిజంగా లేవా? ఆ ప్రకటన పూర్తి నిజమూ కాదు, అబద్ధమూ కాదు. రెండో రోజు గాయోలే అనే ఊరి నుంచి బయలుదేరి బ్రోలియో కోట వైపు తిరిగితే, మూడు గంటల్లో మాకు ఎదురైనవి ద్రాక్ష మోస్తున్న రెండు ట్రాక్టర్లు, ఒక తపాలా బండి. అంతే. ఈ దారులు కార్లకు మూసినవి కావు. ఎవరైనా రావచ్చు. కానీ తొందర ఉన్నవాడికి తారు రోడ్డు వేరే ఉంది. ఇవి తోటలనూ రాతి ఇళ్లనూ కలుపుతూ గట్ల మీదుగా మెలికలు తిరిగే కంకర దారులు. సున్నపురాయి పొడి వల్ల తెల్లగా ఉంటాయి కాబట్టి 'స్త్రాదె బియాంకె', అంటే తెల్లదారులు అంటారు. ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగి వస్తే మన ప్యాంటు అంచులు ఎర్రబడతాయి కదా, ఇక్కడ సాయంత్రానికి కాళ్లు పిండిమరలో పనిచేసినవాడి కాళ్లలా అవుతాయి.

వీటికి తారు పూయకుండా కాపాడుకోవాలనే జాంకార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో గాయోలేలో 'లెరోయికా' అనే సైకిలు పండుగ మొదలుపెట్టాడు. మొదటి ఏడు వచ్చింది 92 మంది. ఇప్పుడు వేలల్లో వస్తున్నారు. 1987కు ముందు తయారైన సైకిళ్ల మీదే రావాలని నియమం. అలాంటివి దాదాపు అన్నీ ఉక్కు చట్రాలే కాబట్టి ఆ పండుగ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం పుట్టింది. దానికోసం గుర్తించిన 209 కిలోమీటర్ల దారికి ఏడాది పొడవునా బోర్డులు ఉంటాయి. మా కంపెనీ ఇచ్చిన దారిలో సగం దాని ముక్కలే. ఫోను చచ్చిపోయినా ఆ బోర్డులు పట్టుకుని పోవచ్చు.

ఆ మధ్యాహ్నం ఒక చోట నీళ్లు తాగడానికి ఆగినప్పుడు తట్టింది, గంట సేపటిగా నేను వెనక్కి తిరిగి చూడలేదని.

ఇక మోసపోయిన సంగతి. గాయోలే సముద్ర మట్టానికి 360 మీటర్ల ఎత్తున ఉంది, రద్దా 530, కాస్తెల్లీనా 578. అంకెలు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అయితే ఒక ఊరి నుంచి మరో ఊరికి గట్టు వెంట నేరుగా పోనివ్వరు. లోయలోకి దింపి, వాగు దాటించి, మళ్లీ ఎక్కిస్తారు. ఇలా రోజుకు నాలుగైదు సార్లు. మూడో రోజు 38 కిలోమీటర్లే, కానీ నా మీటరు చూపిన మొత్తం ఎక్కుడు 900 మీటర్లు. ఒకే రోజు కైలాసగిరి ఐదుసార్లు ఎక్కినట్టు. అదీ తారు మీద కాదు, జారే కంకర మీద. నిలబడి తొక్కితే బరువు ముందుకు పోయి వెనక చక్రం గిర్రున తిరుగుతుంది. కూర్చునే తొక్కాలి, మోకాళ్లు ఏడుస్తున్నా సరే. దీనికి కంపెనీవాళ్లు పెట్టిన పేరు 'మధ్యస్థం'. సింహాచలం ఘాట్ రోడ్డు ఆగకుండా ఎక్కగలిగినవాడికి అది మధ్యస్థమే. మిగతావాళ్లు డబ్బు కట్టే ముందు దూరం అడగకండి, రోజుకు మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో అడగండి. మా కాగితాల్లో ఆ అంకె ఎక్కడా లేదు.

సైకిలు మాత్రం మంచిదే ఇచ్చారు. అల్యూమినియం చట్రం, 40 మిల్లీమీటర్ల టైర్లు, ముందు చిన్న పళ్లచక్రానికి 30 పళ్లు, వెనక పెద్దదానికి 34. ఆ నిష్పత్తి లేకపోతే నేను సగం దారి నడిచేవాణ్ణి. టైర్లలో గాలి మాత్రం బిగించి కొట్టి ఇచ్చారు. కంకర మీద దంతాలు కదిలిపోతుంటే మొదటి రోజే కొంత తీసేశాను. కానీ వోల్పాయా అనే కొండ మీది పల్లె నుంచి దిగుతున్నప్పుడు వెనక బ్రేకు కీచుమంది. ఆ కీచు నాకు కొత్త కాదు, క్రేన్ల దగ్గర ముప్పై ఏళ్లు విన్నాను. చక్రం విప్పి చూస్తే ప్యాడ్ల మందం గోరంత కూడా మిగల్లేదు. మరో రోజు తొక్కితే ఇనుము ఇనుమును తినేది. ఫోను చేస్తే ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది గానీ, మనిషిని పంపడం కుదరదంది. మర్నాడు పెట్టెల వ్యానులో కొత్త ప్యాడ్లు వచ్చాయి. నేనే వేసుకున్నాను. నాకు చేతనవును కాబట్టి సరిపోయింది. చేతకానివాడు ఆ కొండ ఎలా దిగుతాడు? అద్దె సైకిలు చేతికివ్వగానే చట్రం రంగు చూసి మురిసిపోకుండా బ్రేకు ప్యాడ్లు చూడండి.

మా ఆవిడ సైకిలు గురించి చెప్పాలంటే నా పరువు కొంచెం పోతుంది. యూరప్ నిబంధన ప్రకారం గంటకు 25 కిలోమీటర్లు దాటితే మోటారు సాయం ఆగిపోతుంది. ఎక్కుడులో ఆ వేగం ఎవరికి కావాలి? నేను రొప్పుతూ మలుపు తిరిగేసరికి ఆమె పైన గోడ మీద కూర్చుని, తోట కోస్తున్న కూలీలు ఇచ్చిన ద్రాక్ష గుత్తి తింటూ ఉండేది. "మీకూ ఒకటి ఉంచాను" అనేది. దిగుడులో మాత్రం ఆ బరువు సైకిలును ఆపలేక భయపడింది. రెండు రోజులు నడిపించుకుంటూ దిగింది.

పొద్దుటి ఫలహారం ఎనిమిదికి ముందు పెట్టరు. విశాఖలో ఎనిమిదింటికి నేను ఇల్లు చేరి ఇడ్లీ తింటూ ఉంటాను! అడిగితే ఇంటి యజమానురాలు వైన్ సీసా మీది నల్ల కోడిపుంజు బొమ్మ చూపించి కథ చెప్పింది. ఫ్లోరెన్స్, సియెనా సరిహద్దు తగాదా తేల్చడానికి, కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ రౌతులు బయలుదేరాలని, కలిసిన చోటే హద్దని ఒప్పుకున్నారట. ఫ్లోరెన్స్ వాళ్లు తమ నల్ల కోడిని పస్తు పెట్టారు. అది ఆకలికి తెల్లవారకముందే కూసింది. నేల ఎక్కువ భాగం వాళ్లకే పోయింది. ఆ కథ అక్కడే పెట్టుకుని ఎనిమిదిదాకా ఆపుతారేమిటని నేను అనలేదు. ముందు రాత్రే రొట్టె, జున్ను కట్టించుకుని ఆరున్నరకు బయలుదేరడం మొదలుపెట్టాం. యాత్రలో మేము చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ రొట్టెలో ఉప్పు ఉండదు. టస్కనీ రొట్టె అంతే. మా ఆవిడ తెచ్చిన కరివేపాకు కారంతో దానికి న్యాయం జరిగింది. పాత రొట్టె, బీన్సు, నల్ల క్యాబేజీ వేసి ఉడికించే రిబొల్లీతా అనే పులుసు మాత్రం రెండు పూటలు అడిగి తిన్నాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పల్లెల్లో దుకాణాలన్నీ మూసేస్తారు. నీళ్లు ముందే నింపుకోవాలి. వైన్ సంగతి నాకు పెద్దగా తెలియదు. బ్రోలియో కోట యజమాని బెత్తీనో రికాసోలి ఇటలీకి రెండుసార్లు ప్రధాని అయినవాడట. కియాంటీ వైన్‌లో ఏ ద్రాక్ష ప్రధానంగా ఉండాలో, వేటిని కలపాలో 1872లో ఉత్తరం రాసి తేల్చినవాడూ ఆయనే. రుచి చూడమని పోసినప్పుడు రెండు గుక్కలు తాగాను. వగరుగా, బాగానే ఉంది. దిగుడు ముందుంది కాబట్టి మూడో గుక్క తాగలేదు.

ఆదివారం అసలు పరీక్ష వచ్చింది. ఆ రోజు దారిలో నాలుగు కిలోమీటర్లు కియాంటిజానా అనే తారు రోడ్డు మీదుగా పంపారు. ఆ మలుపులంటే మోటారు సైకిళ్లవాళ్లకు ప్రాణం. గుంపులు గుంపులుగా, చెవులు చిల్లులు పడేలా. గాజువాక గుర్తొచ్చింది. అదే దారిని సోమవారానికి మారిస్తే ఏ గొడవా లేదు. వారం చూసుకోకుండా పటం గీసినందుకు, కంపెనీకి ఇద్దామనుకున్న ఐదు నక్షత్రాల్లో ఒకటి కోసేశాను. అప్పటికి బ్రేకు ప్యాడ్లకు ఒకటి పోయింది కాబట్టి మిగిలింది మూడు.

చివరి రోజు సియెనాలో శాంతా కతెరీనా వీధి ఎక్కాలి. రాళ్లు పరిచిన సందు, నిలువుగా ఉంటుంది. 2007లో మొదలైన స్త్రాదె బియాంకె పందెంలో పెద్ద పెద్ద ఆటగాళ్లే అక్కడ ఊగిపోతారు. నేను దిగి నెట్టుకుంటూ వెళ్లాను. మా ఆవిడ ఆగలేదు.

పైన కంపెనీ దుకాణంలో సైకిళ్లు అప్పజెప్పి, జేబులో దాచిన అరిగిన ప్యాడ్లు తీసి బల్ల మీద పెట్టాను. అక్కడి కుర్రాడు వాటిని వేలితో రుద్ది చూశాడు. నాతో ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, మర్నాడు వేరేవాళ్లకు ఇవ్వడానికి వరుసగా నిలబెట్టిన సైకిళ్ల చక్రాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. నాలుగో చక్రందాకా నిలబడి చూశాను. పోయిన నక్షత్రాల్లో ఒకటి తిరిగి ఇచ్చేశాను. ఐదుకు నాలుగు.