అమ్మమ్మ చేతి ముద్దా, డే కేర్ డబ్బానా? బెంగళూరులో రెండేళ్లలోపు బిడ్డకు ఏది మేలు

ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లల దాకా 2017 చట్ట సవరణ తెచ్చిన ప్రసూతి సెలవు 26 వారాలు. బిడ్డకు తల్లిపాలతో పాటు పై ఆహారం మొదలుపెట్టాల్సింది ఆరు నెలలు నిండగానే. ప్రసవం దాకా పనిచేసి సెలవంతా తర్వాతే వాడుకున్నా, అన్నప్రాసన అయిన వారంలోనే అమ్మ ఆఫీసుకి బయల్దేరాలి. ఇక ఆ బిడ్డకి పగలంతా కూర్చుని తినిపించేది ఎవరు? మారతహళ్లి, సర్జాపుర రోడ్డు వైపు తెలుగు ఇళ్లలో దీనికి మూడు జవాబులు వినిపిస్తాయి. ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉండటం, డే కేర్‌లో చేర్చడం, బిడ్డనే ఊరికి పంపేయడం.

ఏది మేలో చెప్పాలంటే ఒక కొలత ఉండాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల నుంచి రెండేళ్ల పిల్లల ఆహారాన్ని 8 రకాలుగా విడదీసింది: తల్లిపాలు, ధాన్యాలు-దుంపలు, పప్పులు-గింజలు, పాలు-పెరుగు, గుడ్డు, మాంసం-చేప, విటమిన్ ఎ ఉండే కూరలు-పండ్లు, మిగతా కూరలు-పండ్లు. రోజూ వీటిలో కనీసం 5 అందాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ వయసు పిల్లల్లో తగిన ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు పట్టణాల్లోనే 30 శాతం. డబ్బున్న ఇళ్లలో కూడా తిండి రకాల విషయంలో పరిస్థితి పెద్దగా మెరుగ్గా లేదు.

ముందు అమ్మమ్మ సంగతి. కాకినాడ నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఉగ్గు పొడి, రాగి పిండి, నెయ్యి డబ్బాతో దిగే ఆవిడకి ఉన్న ఓపిక ఏ డే కేర్‌కీ ఉండదు. ముప్పావు గంట పట్టినా విసుక్కోకుండా తినిపిస్తుంది. మొలకెత్తించి ఆరబెట్టి తిరగలిలో విసిరిన రాగిపిండి ఆవిడ పద్ధతే. మొలకల్లోని ఎంజైములు గంజిని పలచన చేస్తాయి కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. చిన్న పొట్టకి అదే కావాలి. రాగిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లూ నానబెట్టి మొలకెత్తిస్తే తగ్గుతాయి.

చిక్కల్లా రకాల దగ్గరే. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం పాలు, రాత్రి మళ్లీ పప్పన్నం. తల్లిపాలు కలుపుకున్నా 4 రకాలే. నెయ్యి ఎంత వేసినా ఈ లెక్కలోకి రాదు. రెండు చెంచాల ఉడికించిన గుమ్మడికాయ మెదిపి కలిపితే ఐదు, గుడ్డు పెడితే ఆరు. కానీ గుడ్డు వేడి, అరటిపండు జలుబు అని ఆవిడ కొట్టిపారేస్తుంది. "అమ్మా, డాక్టరే పెట్టమన్నారు" అని చెప్పి చూడండి, కూతురి మాట కన్నా ఆ మాటకి విలువెక్కువ. ఇంకో గొడవ పాలు. ఏడాది దాటిన బిడ్డ రోజుకి అరలీటరు మించి పాలు తాగుతుంటే అన్నం మీద ఆకలి చచ్చిపోతుంది, పైగా పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. "అన్నం ముట్టడు, పాలైతే గడగడా తాగేస్తాడు" అని మురిసిపోయే ఇంట్లో రక్తహీనత మొదలవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఊళ్లో తాతయ్య ఒక్కడే వండుకు తింటున్నాడన్న టెన్షన్ ఆవిడది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

డే కేర్‌లో గోడమీద మెనూ బాగుంటుంది. సోమవారం ఇడ్లీ, మంగళవారం కిచిడీ, సాయంత్రం పండు. మెనూ చూడకండి, ఒక ఆయా ఎంతమంది పిల్లలకి తినిపిస్తోందో అడగండి. డబ్బా ఖాళీగా ఇంటికొచ్చినంత మాత్రాన బిడ్డ తిన్నట్టు కాదు. చేరిన కొత్తలో జలుబు, విరేచనాలు తరచుగా వస్తాయి, వచ్చినప్పుడల్లా తిండి తగ్గుతుంది. కోలుకున్నాక రెండు వారాలపాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టాలని చాలామందికి తెలియదు. లాభం లేకపోలేదు. ఏడాదిన్నర దాటాక పక్క పిల్లల్ని చూసి తనంతట తాను తినే అలవాటు ఇక్కడే త్వరగా వస్తుంది. ఇంట్లో ఫోన్ చూపిస్తే తప్ప నోరు తెరవని పిల్లలు కూడా.

50 మంది, అంతకుమించి ఉద్యోగులుంటే ఆఫీసులోనో దగ్గర్లోనో క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని చట్టం చెబుతుంది. అలాంటిది దొరికితే ఇంటి పక్క డే కేర్ కన్నా వెయ్యిరెట్లు నయం, పాలివ్వడం ఆగదు.

ఊరికి పంపడం రెండేళ్లలోపు వద్దనే నా మాట. 8 రకాల్లో మొదటిది ఆ రోజే పోతుంది. తల్లిపాలు లేని బిడ్డకి రోజుకి కనీసం నాలుగుసార్లు పెట్టాలి.

ఈ మూడింట్లో ఏదీ లేని తెలుగు ఇళ్లూ ఇదే ఊళ్లో ఉన్నాయి. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టే చోటే రేకుల షెడ్లలో ఉండేవాళ్లకి, ఎనిమిదేళ్ల అక్కే డే కేర్. పిల్ల ఏడిస్తే చేతికందే బిస్కెట్ పెడుతుంది, అది తప్పుపట్టే సంగతి కాదు. వాళ్లకి దగ్గర్లోని అంగన్‌వాడీలో పేరు రాయించడం అన్నిటికన్నా పెద్ద సాయం. మూడేళ్లలోపు పిల్లలకి ఇంటికి తీసుకెళ్లే పోషకాహారం ఇస్తారు, బరువు తూస్తారు. మన దగ్గర బాలామృతం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. కన్నడ రాదనో కొత్తవాళ్లమనో వెనకాడేవాళ్లకి, మీ ఫ్లాట్ కట్టిన మేస్త్రీ కుటుంబమే అయినా, తోడు వెళ్లి మాట్లాడవచ్చు.

వీలున్నవాళ్లకి నేను చెప్పేది, ఏడాదిన్నర వరకు అమ్మమ్మ, ఆ తర్వాత సగం పూట డే కేర్. ఎనిమిది రకాల చీటీ ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి, రాత్రి ముద్ద నాన్న వంతు. ఏడాదికే ఆవిడ తిరిగి వెళ్లిపోవాల్సి వస్తే, డే కేర్‌లో చేర్చిన మొదటి మూడు నెలలు బరువు నెలనెలా రాసుకోండి. రెండు నెలలు వరుసగా కదలకపోతే ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి, డే కేర్ మార్చే ఆలోచన ఆ తర్వాత.