ఆటోహాట్‌కీలో ఆపే కీ: ఎస్కేప్ ఒక్కటే చాలదు

ఆటోహాట్‌కీ అంటే విండోస్‌లో మన బదులు కీలు నొక్కే చిన్న స్క్రిప్టులు రాసుకునే ప్రోగ్రాం. దాని రెండో వెర్షన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఒక కీ నొక్కగానే స్క్రిప్టు ఆగడం. చీమకుర్తి గ్రానైట్ స్లాబుల కొలతల్ని ఎక్సెల్ నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి చాలాకాలంగా దీన్నే వాడుతున్నాను. విడిగా ఒక్క వరుస రాస్తే సరి: ఎస్కేప్, రెండు కోలన్లు, స్క్రిప్టుని మూసేసే ఎగ్జిట్‌యాప్ ఆదేశం. లూపు (అదే పని మళ్లీ మళ్లీ) తిరుగుతున్నా, స్లీప్‌లో (కాసేపు ఆగే ఆదేశంలో) ఉన్నా ఆగిపోతుంది. పైథాన్‌లో ఈ సుఖం ఊరికే రాదు. ఇదే పనికి అక్కడ వాడే పైఆటోగుయ్‌ లైబ్రరీలో మౌస్‌ని తెర మూలకి తోయాలి, అదీ తర్వాతి ఆదేశం నడిచినప్పుడే చూస్తుంది. కంట్రోల్ సీ అంటారా, పైథాన్ నడుస్తున్న నల్ల విండో ముందుంటేనే దానికి వినపడుతుంది.

ఒకే కీతో మొదలుపెట్టి దాంతోనే ఆపాలనుకుంటే మాత్రం చిక్కే. ఎఫ్8 కింద లూపు రాసి మళ్లీ ఎఫ్8 కొట్టండి, గమ్మున ఉంటుంది. ఒక్కో కీకి ఒకసారికి ఒక్క థ్రెడ్డే (నడుస్తున్న పని) డిఫాల్టు. మొదటిది ముగియకుండా రెండో నొక్కుడు లెక్కలోకి రాదు. మాక్స్‌థ్రెడ్స్‌పర్‌హాట్‌కీ అనే సెట్టింగుని 2 చేసి సర్దుకోవచ్చు గానీ, ఆపడానికి వేరే కీ పెట్టుకోవడమే మేలు.

ఇక ఎస్కేప్ సంగతి. ఆగడం ఖాయమే, ఎక్కడ ఆగుతుందన్నదే పేచీ. స్క్రిప్టు షిఫ్ట్ నొక్కి ఇంకా వదలకముందే ఎస్కేప్ పడితే, విండోస్ లెక్కలో షిఫ్ట్ నొక్కినట్టే ఉండిపోతుంది. పొడవు గడిలో 285 కొడితే @*% పడుతుంది. కీబోర్డు పాడైందనిపిస్తుంది, కానీ ఆ షిఫ్ట్‌నే ఒకసారి నొక్కి వదిలితే కుదుటపడుతుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ మూడింటికీ 'అప్' (వదిలినట్టు) పంపే ఫంక్షన్‌ని, స్క్రిప్టు మూసుకునేటప్పుడు నడిచే ఆన్‌ఎగ్జిట్‌కి తగిలించాలి. వేళ్లు కంట్రోల్ మీద ఉన్నా ఆగాలంటే ఎస్కేప్ ముందు నక్షత్రం గుర్తు * పెట్టాలి. అది లేకపోతే కంట్రోల్ ఎస్కేప్ అయి స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది, స్క్రిప్టు పోయి అందులో టైపు చేస్తుంది.

అంతకన్నా ఇబ్బంది సగం పడ్డ వరుస. పొడవు ఎక్కి వెడల్పు ఎక్కకపోతే ఆ స్లాబు చదరపు అడుగులు తప్పుతాయి, బిల్లూ తప్పుతుంది. అందుకే ఎఫ్9 విడిగా పెట్టాను: అది 'ఆపు' అనే వేరియబుల్‌ని 1 చేస్తుంది, లూపు ప్రతి వరుస చివరా దాన్ని చూసి బయటికొస్తుంది. ఎఫ్9 లోపల ఆ పేరు ముందు గ్లోబల్ అని రాయాలి. రాయకపోతే ఆ 1 అక్కడే ఉండిపోయి లూపుకి చేరదు. రోజూ నేను వాడేది ఎఫ్9నే, వేరే విండోలో టైపు పడిపోతుంటేనే ఎస్కేప్.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే స్క్రిప్టునీ అలాగే తెరవాలి, లేదంటే ఆ విండో ముందున్నంతసేపూ ఏ కీ నొక్కినా స్క్రిప్టుకి తెలియదు. నా పని ఒక్క విండోస్ కంప్యూటరు మీద, పక్కనే కూర్చుని చేసేది కాబట్టి నాకు సరిపోయింది. లినక్స్ వాడేవాళ్లకి ఇది దొరకదు. రాత్రంతా మనిషి లేకుండా నడిపేవాళ్లయితే కీని నమ్ముకోకుండా, ఇన్ని వరుసలయ్యాక దానంతటదే ఆగేలా స్క్రిప్టులోనే రాసుకోవాలి.