సొరుగులకు టేకు మేలా, ప్లైవుడ్ మేలా?

వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో పాత టేకు బీరువా కింది సొరుగు మొరాయించేది. అమ్మ కొవ్వొత్తి ముక్క తెచ్చి అంచులకు రుద్ది, రెండు చేతులా పట్టి లాగేది. ఎండాకాలంలో అదే సొరుగు ఒక్క వేలితో వచ్చేసేది.

తప్పు టేకుది కాదు. ఏ చెక్కయినా తేమ పీలిస్తే నారకి అడ్డంగా ఉబ్బుతుంది, నార పొడవునా దాదాపు పెరగదు. అందుకే సొరుగు వెడల్పు అలాగే ఉండి, పక్క పలకల ఎత్తు పెరిగి, పైనా కిందా పట్టేస్తుంది. ప్లైవుడ్‌కి ఈ బాధ చాలా తక్కువ. ఒక పొర నారకి ఇంకో పొర నార అడ్డంగా వచ్చేలా అతికిస్తారు కాబట్టి, ఏ పొరనీ పక్క పొర కదలనివ్వదు.

ఇప్పుడు అందరూ వేయించుకునేది టెలిస్కోపిక్ ఛానల్, అంటే సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే సాగే లోహపు పట్టాలు. దానికి ఒక్కో పక్క అరంగుళం ఖాళీ కావాలి, పెట్టె మూలమట్టానికి సరిగ్గా ఉండాలి. పలక కాస్త వంకరపోయినా సొరుగు బిగుసుకుంటుంది. ఇక్కడ ప్లైదే పైచేయి.

అయితే ప్లై అంచులోకి స్క్రూ దించితే పొరలు విచ్చుకుంటాయి. ముందు సన్నగా రంధ్రం వేసి, ఫెవికాల్ పెట్టి బిగించాలి. కొనేటప్పుడు కోసిన అంచు చూడండి: మధ్యలో నల్లటి సందులు కనిపిస్తే వద్దనండి. గదుల్లోకి ఐఎస్ 303 (ఐఎస్ అంటే భారత ప్రమాణాల గుర్తు) బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటిని తట్టుకునే రకం చాలు, సింకు పక్కన మాత్రం ఐఎస్ 710 మెరైన్ తీసుకోండి. ఒకసారి పొరలు ఊడిన ప్లైని బాగుచేయడం కష్టం. టేకుని చిత్రిక పడితే మళ్లీ పనికొస్తుంది. చేవ ఉన్న టేకుకి చెదలూ అంత తేలిగ్గా పట్టవు, అంచున ఉండే తెల్ల చెక్కకు మాత్రం పడతాయి.

నన్నడిగితే పక్కలకి 12 ఎంఎం ప్లై, ముందు పలకకి టేకు. అడుగుకి ఎప్పుడైనా ప్లైయే, స్టీలు గిన్నెలు పెట్టే సొరుగైతే 6 ఎంఎంకి తగ్గకుండా. దాన్ని కింద నుంచి మేకులు కొట్టి వదిలేయనివ్వకండి, బరువుకి ఊడి వస్తుంది. పక్కల్లో గాడి తీయించి అందులో కూర్చోబెట్టమనండి.

పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు మీ దగ్గరుంటే మాత్రం, అడుగు తప్ప సొరుగంతా దానితోనే చేయించండి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క, వంకరపోతుందన్న టెన్షన్ తక్కువ. వానకి ఉబ్బడం దానికీ తప్పదు కనుక, పైన 3 ఎంఎం సందు వదలమని వడ్రంగికి ముందే చెప్పండి.