ఐసా, ఉప్పా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే వంజరం చేప కొంటే, అది పాడవకుండా ఉండడానికి నేనైతే ఉప్పు కాదు, ఐసే అడుగుతాను. సున్నా డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా చావదు, పెరగడం నెమ్మదిస్తుంది, అంతే. కరిగిన కొద్దీ మళ్లీ వేస్తూ ఉండాలి. ఎండలో వదిలేసిన వంజరంలో బ్యాక్టీరియా హిస్టమిన్ అనే హానికర పదార్థాన్ని తయారుచేస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. పిల్లలున్న ఇంట్లో ఇది చాలా జాగ్రత్తగా చూడాలి.

ఉప్పు దారి వేరు. చేప కండలోని నీటిని బయటికి లాగేస్తుంది. గిన్నె అడుగున ఊరే ఉప్పునీళ్లు అవే. నీరందక చాలా రకాల బ్యాక్టీరియా పెరగలేవు. బాగా ఎండితే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలవుంటుంది. ఉప్పును తట్టుకునే రకాలూ ఉన్నాయి: ఉప్పు చేప మీద గులాబీ రంగు కనిపిస్తే కొనకండి. బీపీ ఉన్నవాళ్లకు ఐసు చేపే మేలు.